క్రొత్త టైరులు - తొలి ప్రయాణము



బండి సంగతి మగవారిదని మనము మిన్నకుండుట కద్దు. కాని వెనుక సీటుపై, ఒడిలో బిడ్డతో, ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండువారము మనమే. చక్రము జారినచో పట్టు దొరకక నేలబడువారమును మనమే. కావున ఈ మాసము మోటారుసైకిలు టైరులను గూర్చి వ్రాయుచున్నాను.

ఉదయము క్రొత్త టైరులు వేయించి, ఆ సాయంకాలమే సద్దుల బతుకమ్మకు ఆలుబిడ్డలతో బయలుదేరువారిని మా పెద్దపల్లిలో చూచుచుందును. క్రొత్తవి గదా, భయమేమి యని వారి ధైర్యము. అచ్చునుండి వెలువడిన టైరు పైపొర మిక్కిలి నునుపుగా నుండును. రోడ్డు రాపిడికి అది గరుకు దేరువరకు పూర్తి పట్టు చిక్కదు. తయారుచేయువారు ఇందులకు 100 మొదలు 160 కిలోమీటర్ల వరకు చెప్పుదురు. మా యూరినుండి కరీంనగరమునకు రెండుమారులు పోయివచ్చినచో ఇంచుమించు తీరును.

అంతవరకు నడుపువారు ఒంటరిగా, పొడినేలపై, నెమ్మదిగా పోవలయును. హఠాత్తుగా వేగము పెంచుటయు, గట్టిగా బ్రేకు వేయుటయు కూడదు. నిటారుగా నడచిన బండికి టైరు నడిమిభాగమే గరుకెక్కును. అంచులు నునుపుగనే మిగులును. కాబట్టి మలుపులలో ఒరుగుట కొద్దికొద్దిగా పెంచుకొనవలయును. రాజీవ్ రహదారిపై లారీల నడుమ ఈ యభ్యాసము తగదు. పండుగ ముంచుకొని వచ్చినచో ఆ దినమునకు బస్సెక్కుటయే మేలు.

టైరు ఎక్కించునప్పుడు అంచులకు సబ్బునీరు పూయుదురు. అది ఆరకముందే గట్టిగా బ్రేకు వేసినచో టైరు రిమ్ముపై జరుగును. ట్యూబుగల బండికి వాల్వు మొదలు తెగవచ్చును. దీనిని కనిపెట్టుటకు మన చేతనగు నుపాయమొకటి కలదు. వాల్వుకు సూటిగా టైరు ప్రక్కన సుద్దతో గీత గీయుడు. మరునాడు గీత ఎదురుగా లేనిచో బండిని దుకాణమునకు మరల పంపుడు.

మెఱుపుకొరకు టైరుకు నూనెగాని పాలిషుగాని పూయుట కొందరికి వేడుక. నేలను తాకు భాగమునకు అది సోకరాదు. ఆయుధపూజనాడు నూనెదీపమును చక్రమునకు దూరముగానే పెట్టుడు. భారతమున నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కిన గుఱ్ఱములనే యేరగా రాజు శంకించెనట! పైమెఱుపు చూచి మురియువారు నేటికిని కలరు.

టైరు ప్రక్కనున్న తేదీ గుర్తులో నాలుగంకెలుండును. 2325 అనగా 2025లో 23వ వారమున తయారైనదని యర్థము. బాణపు గుర్తున్నచో అది చక్రము ముందునకు తిరుగు దిక్కునే చూపవలయును. గాలిని టైరు చల్లగా నున్నప్పుడే కొలిపింపుడు. వెనుక మనిషి కూర్చున్నప్పుడు ఎంత యుండవలెనో బండితో వచ్చిన పుస్తకమున చూడుడు. అంగడివాని యూహకు విడువకుడు.