నూనెతో పాటు వంతులూ కావాలి

పక్షవాతంతోనో, తుంటి ఎముక విరిగో పెద్దవాళ్లు మంచాన పడితే ఇంట్లో మొదట వెతికేది కొబ్బరినూనె సీసా. మంచిదే. పొడిబారిన చర్మానికి పలచగా రాస్తే మెత్తబడుతుంది. కానీ పడక పుండ్లకు అసలు కారణం ఒత్తిడి. ఎముక పొడుచుకొచ్చిన చోట ఒంటి బరువు గంటల తరబడి ఆనితే అక్కడికి రక్తం అందదు. ఆ బరువును నూనె గానీ, కలబంద గుజ్జు గానీ తీయలేవు.

సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఈడ్చకుండా, కింద పరిచిన దుప్పటితో ఎత్తి జరపాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. మూత్రంతో తడిసిన బట్ట వెంటనే మార్చాలి. నడుం కింది భాగం, తుంటి, మడమలు రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టే. నల్లటి ఒంటిపై ఎరుపు తెలియదు. వేడి, గట్టిదనం గమనించాలి. అక్కడ మర్దన వద్దు. చర్మం చిట్లితే పసుపు ముద్ద పెట్టకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఇదంతా కోడలో, కూతురో ఒక్కరే చేయగలిగేది కాదు. రాత్రి వంతులు కాగితంపై రాసి మంచం పక్కన గోడకు అంటించండి. అందులో కొడుకు పేరూ ఉండాలి.