గొల్లభామ చీర... పాలు లేని చాయ్!

ఈ మధ్య సినిమా కబుర్లలో ఒక కొత్త మాట తరచుగా వినిపిస్తోంది. ఫలానా కథానాయిక ‘వీగన్’ అయిందట! ఫలానా హీరో గారు షూటింగులో పెరుగన్నం ముట్టడం లేదట! అది చదివిన మన పాఠకులు కొందరు “అంటే శాకాహారమే కదా, అందులో విశేషమేముంది?” అని అడుగుతున్నారు.

విశేషం ఉంది. శాకాహారి మాంసం మానేస్తాడు, అంతే. వీగన్ పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేస్తాడు. పట్టు కట్టడు, తోలు చెప్పులు తొడగడు. ఈ మాట పుట్టింది 1944లో, ఇంగ్లండులో. డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, కొందరు మిత్రులూ కలిసి ‘వెజిటేరియన్’ అనే మాటకు మొదటి అక్షరాలూ, చివరి అక్షరాలూ అతికించి దీన్ని తయారుచేశారు. మధ్యలోది తీసి పారేశారన్నమాట!

తారల సంగతి తారలకే వదిలేద్దాం. వాళ్లకు బాదంపాలు తీసి ఇవ్వడానికి వంటవాళ్లుంటారు. మెదక్ లాంటి ఊళ్లో, గ్యాసు పొయ్యీ కుట్టు మిషనూ పక్కపక్కనే ఉన్న రెండు గదుల ఇంట్లో ఇది సాగుతుందా? రెండేళ్లుగా సాగిస్తున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

* * *

ముందు మన సినిమా సంగతే చూద్దాం. నిన్న మొన్నటి దాకా సినిమాయే శాకాహారి కాదు సుమండీ!

రీలు మీద బొమ్మ పడాలంటే ఫిల్ము పైన ఒక పూత ఉండాలి. ఆ పూతలో వెండి లవణాలను పట్టి ఉంచేది జెలటిన్. జెలటిన్ తీసేది పశువుల ఎముకల నుంచీ, తోళ్ల నుంచీ. అంటే మన మహానటులందరి నవ్వులూ, కన్నీళ్లూ ఆ జెలటిన్ మీదే నిలిచాయి. 1957లో ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారు వివాహ భోజనం మీద పడి పాత్రలు ఖాళీ చేస్తుంటే హాలంతా నోరూరింది. ఆ విందులోని గారెలూ, పులిహోరా, దప్పళమూ పాలచుక్క అక్కర్లేని వంటకాలే. కానీ ఆ విందును మనకు చూపించిన ఫిల్ము మాత్రం శాకాహారం కాదు! డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. సినిమా తనకు తెలియకుండానే వ్రతం పట్టిందన్నమాట.

చెప్పొచ్చేదేమిటంటే, మనం చూసే బొమ్మలో, తినే ముద్దలో, కట్టే గుడ్డలో కంటికి కనపడని ప్రాణం ఒకటీ, కంటికి కనపడని చెయ్యి ఒకటీ ఉంటాయి. వీగన్లు ప్రాణం లెక్క అడుగుతారు. నేను చెయ్యి లెక్క కూడా అడుగుదామంటున్నాను.

* * *

మా ఊరి పాత పేరు మెతుకు దుర్గం. ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ మెతుకు సీమ అంటారు. అన్నం మెతుకు పేరు పెట్టుకున్న ఊరండీ మాది! ఊళ్లోని పెద్ద చర్చి కథ కూడా మెతుకుతో ముడిపడిందే. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర జనానికి పని కల్పించి, తిండి పెట్టి దాన్ని కట్టించాడని చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న ఆ చర్చికి ప్రతిష్ఠ జరిగింది.

ఆ రాళ్లు మోసినవాళ్ల ఇళ్లల్లో వంట ఏమిటి? జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర, పప్పు, నువ్వుల పొడి, మక్క గుడాలు. పండక్కి సకినాలు, సర్వపిండి. వీటిలో పాలు ఎక్కడున్నాయి? మా అమ్మమ్మ ఇంట్లో నెయ్యి పండగనాడు కనపడేది, పాలు పసిపిల్లలకు పోసేవారు. పేరు తెలియకుండానే వాళ్లు సగం వీగన్లు. అయితే ఒకటి... వాళ్లది వ్రతం కాదు, లేమి. “మా ముసలమ్మ కూడా వీగనే” అని గొప్ప చెప్పుకునేటప్పుడు ఆ తేడా మరవకూడదు.

పెరుగు లేనిదే ముద్ద దిగని వారి కోసం నా చిట్కా ఒకటి. ఒక కప్పు పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే మెత్తగా రుబ్బి, నాలుగు కప్పుల నీళ్లు కలిపి పలచటి గుడ్డలో వడకట్టండి. ఆ పాలు సన్నటి సెగ మీద కలియబెడుతూ కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కడిగిన పచ్చిమిరప తొడిమెలు ఆరేడు వేసి మూతపెట్టండి. ఎండాకాలం రాత్రికల్లా తోడుకుంటుంది, చలికాలం ఇంకొంచెం ఆగాలి. మొదటిసారి వాసన తేడాగా ఉంటుంది. అందులోంచి ఒక చెంచా తీసి రెండోసారి తోడు పెడితే బాగా కుదురుతుంది. గట్టి పెరుగు మాత్రం ఆశించకండి. మజ్జిగ పులుసుకు ఢోకా లేదు.

ఇంకోమాట. ఎముకల బలానికి రాగులున్నాయి, నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. నువ్వులున్నాయి. కానీ బి12 విటమిన్ మన వీగన్ వంటల్లో దొరకదు. దానికి డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవలసిందే. ఇందులో మొహమాటం పనికిరాదు.

* * *

ఇక బయట తిండి! ఇక్కడే అసలు వినోదం. ఒకరోజు చాయ్ బండి దగ్గర జరిగిన సంభాషణ వినండి.

“అన్నా, పాలు లేకుంట ఒక చాయ్.”

“ఏమైందక్కా, జరమొచ్చిందా?”

“లేదన్నా, నేను పాలు తాగ.”

“షుగరా?”

“షుగరుంటే చక్కెర బంద్ చేస్త గానీ పాలెందుకు బంద్ చేస్తనే?”

ఆయన కాసేపు ఆలోచించి, అల్లం దంచి వేసి, డికాషన్ విడిగా మరిగించి ఇచ్చాడు. బ్రహ్మాండంగా ఉంది. డబ్బులు మాత్రం పాల చాయ్‌కి ఎంతో దీనికీ అంతే! “నీ కోసం ఇంకో గిన్నె కడగాలె గద అక్కా” అన్నాడు. న్యాయమైన మాట. చెయ్యి లెక్క అంటే ఇదే.

మెస్సుల్లో భోజనం సులువే. ముద్దపప్పు మీద నెయ్యి వద్దనాలి, పెరుగు కప్పు పక్కవాళ్లకు జరపాలి. ఇడ్లీ, వడ, మిర్చి బజ్జీలతో పేచీ లేదు. దోసె నూనెతో కాల్చమని ముందే చెప్పాలి. ఉప్మాలో నెయ్యి పడిందేమో అడగాలి. నాన్ పిండిలో పెరుగుంటుంది, కూరగాయల బిర్యానీలోనూ ఉంటుంది. ‘ప్యూర్ వెజ్’ అని బోర్డు కనపడగానే లోపలికి పరిగెత్తకండి. అక్కడే పనీరూ, వెన్నా ఎక్కువ. ఒక హోటల్లో వడ్డించే కుర్రాడు నా ప్రశ్నలన్నీ ఓపికగా విని, “అయితే మీకు అప్పడాలు రెండు ఎక్కువ తెస్త మేడం” అని ఓదార్చాడు.

* * *

తిండి తర్వాత బట్ట. నా బట్టలు నేనే కుట్టుకుంటాను. అమ్మ తొక్కుడు మిషను మీద నేర్చుకున్న విద్య. కొలతలు పాత సినిమా పత్రిక కాగితం మీద గీసి, కత్తిరించి, గుడ్డ మీద పరిచి సుద్దతో గుర్తు పెట్టడం అమ్మ పద్ధతి. అలా ఎందరు కథానాయికల ముఖాల మీదుగా మా ఇంటి కత్తెర నడిచిందో! బుట్టచేతుల జాకెట్టు కావాలని చుట్టుపక్కల అమ్మాయిలు పత్రికలో బొమ్మ పట్టుకొచ్చేవారు. ఆ బొమ్మ చూసి కుట్టి, కొలతలకు ఆ పత్రికనే వాడేది మా అమ్మ.

జాకెట్టు మిషను మీద రెండు గంటల పని. హుక్కులు, కాజాలు, అంచు మడిచి చేతి కుట్టు వెయ్యడం ఇంకో గంట. బయట నుంచి చూస్తే కనపడని గంట అది. బేరమాడేవాళ్లు తగ్గించమనేదీ ఆ గంటకు ఇచ్చే డబ్బులే.

నా దగ్గరున్న మంచి చీర సిద్దిపేట గొల్లభామ. 2016లో జిల్లాలు విడిపోయేదాకా సిద్దిపేట మా మెదక్ జిల్లాలోదే. నూలు చీర, మగ్గం మీద నేసింది. దాని మీద నెత్తిన కుండ పెట్టుకుని గొల్లభామలు వరసగా నడుస్తుంటారు. ఆ బొమ్మ అద్దకం కాదు. నేసేటప్పుడే రంగు దారాలు చేత్తో పోగు పోగుగా జొప్పించి తీసుకురావాలి. మా చెల్లెలు నవ్వుతుంది, “తాగుడు బంద్ చేసినా మొయ్యుడు బంద్ చెయ్యలే నువ్వు!” అని.

ఇప్పుడు ఆ చెల్లెలి పెళ్లే వచ్చి పడింది, వచ్చే నెలలో. పట్టుచీర మాట రాగానే ఇంట్లో గొడవ మొదలైంది.

పట్టుపురుగు తన చుట్టూ ఒకే దారంతో గూడు కడుతుంది. సీతాకోక తొలుచుకుని బయటికొస్తే దారం తెగిపోతుంది కాబట్టి, ముందే గూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీస్తారు. ఒక్క చీరకు వేల పురుగులు. దీనికి విరుగుడు కనిపెట్టింది మన హైదరాబాదు ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు. మాజీ రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ గారి సతీమణి జానకి గారు “పురుగును చంపని పట్టు లేదా?” అని అడిగారట. ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. సీతాకోకను ఎగిరిపోనిచ్చి, తెగిన గూళ్లను దూదిలా వడికించి ‘అహింసా పట్టు’ తయారుచేశారు. మెరుపు తక్కువ, ధర ఎక్కువ.

అమ్మ వినలేదు. “చెప్పనీకి బాగనే ఉంది. పట్టు నేసేటోళ్ల సంగతేంది?” అంది. కాదనలేని మాట. 2019లో వచ్చిన ‘మల్లేశం’ చిత్రం చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక కొడుకు యంత్రం తయారుచేసిన కథ. నిజంగా జరిగిన కథే. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ చిత్రం చూసి నేను పురుగు కోసం కాదు, ఆ తల్లి భుజం కోసం ఏడ్చాను. మరి పట్టు వద్దంటే నష్టపోయేది పురుగులను చంపించిన వ్యాపారా, ఆ భుజమా? పోనీ మిల్లులో చేసిన నైలాన్ ‘పట్టు’ కొంటే పురుగు బతుకుతుంది గానీ మగ్గం చస్తుంది.

* * *

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న పక్కింటి పెద్దమ్మది. ఆమెకున్న ఆస్తి ఒక బర్రె. రోజూ మా ఇంటికి అర లీటరు పోసేది.

“నువ్వు తాగకుంటే మంచిదే బిడ్డా. రేపు నీలాంటోళ్లు పదిమందైతే నా బర్రె ఏం కావాలె? నా మందులు, మనుమని ఫీజు ఆ పాలతోనే గద?”

దూడల సంగతి అడిగాను. దాచలేదు. “పెయ్య పుడితే ఉంచుకుంటం. దున్న పుడితే అంగడికి తోలుతం. దాన్ని మేపే తాహతు నాకేడిది?” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ దున్నదూడ కోసమే నేను పాలు మానింది. కానీ ఆ మాట ఆమె ముఖం మీద అనడానికి నోరు రాలేదు.

గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. తర్వాత జబ్బుపడి ప్రాణం మీదికి వస్తే మేకపాలకు ఒప్పుకున్నారు, ఆ బాధ చివరిదాకా దాచుకోలేదు. చేతి నూలు మాత్రం వదల్లేదు. ఆయన మీద తీసిన ‘గాంధీ’ చిత్రానికి దుస్తులు సమకూర్చి 1983లో భాను అతయ్య ఆస్కారు అందుకున్నారు. మన దేశం నుంచి ఆస్కారు గెలిచిన మొదటి వ్యక్తి ఆమే. అంతటి మనిషికే పాల దగ్గర చిక్కొచ్చింది, మనమెంత!

అందుకని మా ఇంట్లో జరిగిన ఒడంబడిక ఇది. పెళ్లికి కొత్త పట్టు కొనడం లేదు. పెట్టెలో ఉన్న అమ్మ పెళ్లి చీరే చెల్లెలు కడుతుంది. దానికి జాకెట్టు నేను కుడుతున్నాను, కాజాలతో సహా చేత్తో. పట్టుకు దాచిన డబ్బులో కొంత రెండు గొల్లభామ చీరలకు పోతుంది, బేరం లేకుండా. భోజనాల్లో గారెలు, పులిహోర, పచ్చిపులుసు, బూరెలు ఉంటాయి. నెయ్యి విడిగా పెడతారు. పెరుగు మాత్రం ఉండాల్సిందేనని చెల్లెలు పట్టుబట్టింది, “నా పెళ్లి, నీ వ్రతం కాదు” అని. ఆ పెరుగు పెద్దమ్మ ఇంటి నుంచే వస్తుంది.

నా వాటా అర లీటరు డబ్బుకు బదులు ఆమె చేనులో పల్లీలు కొంటున్నాను, ఆమె చెప్పిన ధరకే. అయినా లెక్క సరిపోలేదు. పల్లీలు పంటకొకసారి, పాలు రోజూ. ఆ మాట ఆమే నాకు చెప్పింది.

పాలు మానమని ఎవరికీ చెప్పను. ఈసారి జాకెట్టు కుట్టించుకున్నప్పుడు లోపలివైపు తిప్పి ఆ చేతి కుట్టు ఒకసారి చూడండి. బేరం ఆ తర్వాత ఆడండి. పల్లీల పెరుగు ఎలా తోడుకుందో కూడా రాయండి. మళ్లీ వారం కలుద్దాం!