గోల్ కొట్టని కెప్టెన్



వచ్చే సోమవారం మన హాస్టల్‌లో ఆటల కెప్టెన్‌ను ఎన్నుకుంటారు. పేర్లు రాసి ఇమ్మని నోటీసు కూడా పెట్టారు. అందుకే ఈసారి నేను కథ రాయకుండా రాణీ రాంపాల్ అక్క గురించి రాస్తున్నాను. మన ఎన్నికకు, ఆమెకు ఏం సంబంధం అంటారేమో. మొత్తం చదివి అప్పుడు అనండి.

రాణి అక్క మన దేశ మహిళా హాకీ జట్టుకు కెప్టెన్‌గా చేసింది. 2024 అక్టోబర్ 24న ఆట నుండి రిటైర్ అయినది. మొత్తం 254 మ్యాచులు ఆడింది. ఆమె వేసుకున్న 28 నంబరు జెర్సీని ఇక ఎవ్వరికీ ఇవ్వబోమని హాకీ ఇండియా వాళ్ళు ప్రకటించారు. ఆ పేపర్ కటింగును పీఈటీ మేడమ్ దాచి ఉంచి మాకు చూపించారు. అప్పటి నుంచి నేను ఆమె గురించి ఎక్కడ కనబడినా చదువుతున్నాను.

ఆమెది హర్యానాలో షాహాబాద్. నాన్న బండి తోలి ఇల్లు గడిపేవాడు. మొదట్లో విరిగిన కర్రతోనే ఆడిందంట. ప్రాక్టీసుకు చీకటితోనే పోవాలి, ఇంట్లో గడియారం లేదు. వాళ్ళమ్మ చుక్కలను చూసి టైము లెక్కగట్టి లేపేదంట. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఇప్పపూల కాలంలో మా అమ్మ కూడా వేకువ చుక్క చూసే లేస్తది, గంప పట్టుకుని పోతది. రాణి అక్క రోజూ అర లీటరు పాలు తెచ్చుకోవాలని అక్కడ రూలు. ఇంట్లో అన్ని పాలు కొనలేక నీళ్ళు కలిపి తాగేసేదంట. మన మెస్ పాలు గుర్తొచ్చి మా రూములో అందరం నవ్వాము. (వార్డెన్ మేడమ్, ఇది సరదాకే రాశాను.)

2008లో మొదటిసారి ఇండియా తరఫున ఆడింది. అప్పుడు ఆమె నా ఈడుదే.

ఇక అసలు విషయం. టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల ఒక ఏడాది ఆగి 2021లో జరిగినవి. అప్పుడు రాణి అక్కే కెప్టెన్. మనవాళ్ళు మొదటి మూడు మ్యాచులు వరసగా ఓడిపోయారు. నెదర్లాండ్స్ మీద 5–1, జర్మనీ మీద 2–0, బ్రిటన్ మీద 4–1. తరువాత ఐర్లాండ్‌ను, సౌతాఫ్రికాను గెలిచారు. క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియానే ఓడించారు! అంతకుముందు మన ఆడపిల్లల జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడనే లేదు.

గోల్ కొట్టినవాళ్ళ పేర్లు నేను రఫ్ నోటుబుక్కులో రాసుకున్నాను. ఐర్లాండ్ మీద నవనీత్ కౌర్. సౌతాఫ్రికా మీద వందనా కటారియా మూడు, నేహా గోయల్ ఒకటి. ఆస్ట్రేలియా మీద గుర్జీత్ కౌర్ ఒకటి. గోల్ పోస్టు కాడ అన్నీ ఆపింది సవితా పూనియా. గెలిచిన మూడు మ్యాచుల్లో రాణి అక్క పేరే లేదు. ఆ ఒలింపిక్స్‌లో ఆమె కొట్టింది ఒక్కటే గోల్, అది కూడా 5–1తో ఓడిన మ్యాచ్‌లో.

మా రూములో ఒకామె, మరి కెప్టెన్ ఏం చేసినట్టు అని అడిగింది. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు గోల్ కొట్టడం రాక కాదు. అసలు మనవాళ్ళు టోక్యో పోయిందే ఆమె గోల్‌తో. 2019 నవంబర్‌లో భువనేశ్వర్‌లో అమెరికాతో రెండు మ్యాచులు పెట్టారు. మొదటిది 5–1తో గెలిచి, రెండోదాంట్లో సగం ఆటకే 4–0తో వెనకబడ్డారు. రెండూ కలిపితే సమానం. అప్పుడు 48వ నిమిషంలో రాణి అక్క కొట్టింది. 6–5.

ఇప్పుడు నా జవాబు ఇది. మూడు మ్యాచులు ఓడిన జట్టులో ఎవరివల్ల ఓడామని వేలు చూపించుకుంటే నాలుగో మ్యాచ్ ఆడలేరు. ఆ పిల్లలు చెదరకుండా నాలుగో మ్యాచ్‌కు వచ్చారు. కోచ్ సార్ పని కూడా అందులో ఉంది, ఒప్పుకుంటాను. కానీ గ్రౌండు లోపల కోచ్ ఉండడు గదా.

ఇంకొకటి. సెమీఫైనల్‌లో అర్జెంటీనా చేతిలో ఓడినాక, హరిద్వార్ దగ్గర వందన అక్క ఇంటి ముందుకు కొందరు వచ్చి కులం పేరుతో తిట్టారు. రాణి అక్క ఊరుకోలేదు. ఇది సిగ్గుచేటు అని విలేకరుల ముందే చెప్పింది. నాకు అన్ని గోల్స్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే నేను అలా చేయలేదు.

పోయినసారి జోనల్ ఆటల్లో ఖోఖో టీముకు నేనే కెప్టెన్. అందరికీ తెలుసు. ఏడో తరగతి చెల్లి ఒకతి మొదటి నిమిషంలోనే ఔట్ అయింది. అవతల టీము పిల్లలు మా చెల్లి మాట యాసను వెక్కిరించి, అడివోళ్ళు అని నవ్వారు. నేను కూడా కోయపిల్లనే. అయినా తల దించుకున్నాను. వాళ్ళను ఏమీ అనకుండా, బస్సులో అందరి ముందు ఆ చెల్లిని "నీవల్లే ఓడాం" అన్నాను. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. పండక్కి ఇంటికి పోయి ఇరవై రోజులు రాలేదు. వాళ్ళ నాన్న ఇక బడి మాన్పిద్దామనుకున్నాడంట. మేడమ్ ఊరికి పోయి తీసుకొచ్చారు. ఏం జరిగిందని మేడమ్ అడిగితే నేను నోరు తెరవలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మన దగ్గర కెప్టెన్ అంటే పొడుగ్గా ఉండాలి, గట్టిగా అరవాలి, స్టడీ అవర్‌లో మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. అంతే. నా అభిప్రాయంలో అది తప్పు. టీచర్లు కోప్పడినా సరే చెబుతున్నాను. పేర్లు రాసే పని వేరే ఎవరికైనా ఇవ్వండి. కెప్టెన్‌ను మాత్రం, ఓడినరోజు ఎవరి పక్కన కూర్చుంటే ఏడుపు ఆగుతదో చూసి ఎన్నుకోండి.

టోక్యోలో రాణి అక్క కింద ఆడినవాళ్ళలో మనలాంటి ఆదివాసీ పిల్లలు ఉన్నారు. ఒడిశా సుందర్‌గఢ్ నుంచి దీప్ గ్రేస్ ఎక్కా, జార్ఖండ్ నుంచి నిక్కీ ప్రధాన్, సలీమా టేటే. ఆ తర్వాత రాణి అక్కకు దెబ్బలు తగిలి, 2022లో వరల్డ్ కప్‌కు పోలేదు. సవిత కెప్టెన్ అయింది. 2024లో సలీమా టేటే అయింది. కెప్టెన్ పోయినా జట్టుకు కెప్టెన్ దొరికింది చూడండి. రాణి అక్క 2023లో 17 ఏళ్ళలోపు ఆడపిల్లలకు కోచ్‌గా పోయింది.

నేను ఈసారి నా పేరు ఇవ్వడం లేదు. ఆ ఏడో తరగతి చెల్లి పేరు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆమెను ఇంకా అడగలేదు. ముందు వేరే మాట చెప్పాలి గదా. ఈ పత్రిక గోడకు అంటించేలోపు చెప్తాను.

ఇట్లు
తొమ్మిదవ తరగతి విద్యార్థిని