వంటింటి ముచ్చట: ఇరవై రెండేండ్ల తర్వాత నానకటాయి

దీపావళి దగ్గరకొచ్చింది. మన షోలాపూర్ పూర్వభాగ్‌లో ఒకప్పుడు ఈ రోజుల్లో బేకరీ ముందర డబ్బాలు వరుసగా ఉండేవి. మైదా, రవ్వ, చక్కెర, డాల్డా అన్నీ మనమే తీసుకుపోవాలి. భట్టీ ఆయన కిలోకు ఇంత అని కూలి తీసుకొని నానకటాయి కాల్చి ఇచ్చేవాడు. డబ్బా మీద పేరు రాసిన చీటీ అంటించి, పిల్లల్ని కాపలా పెట్టి, మనం బీడీలు అప్పజెప్పటానికి పోయేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి గల్లీ అంతా ఒకటే వాసన!

ఆ రోజుల్లో నేను ఇంట్లో కూడా కాల్చేదాన్ని. మూతకు అద్దం ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్ వాయిదాల మీద కొనుక్కున్నాం. తర్వాత మా ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానా ఆగిపోయింది. కరెంటు బిల్లుకు భయపడి ఓవెన్ అటక మీద పెట్టేసినా. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలంటే ఇంక బిస్కెట్లు ఎక్కడివి? అట్ల ఇరవై రెండేండ్లు గడిచిపోయినయి.

మొన్న మా మనుమరాలు అడిగింది: "నానమ్మా, నీకు నానకటాయి చేయొస్తదట గదా? నాయిన చెప్పిండు." లేదని ఎట్ల అంటాను? ఓవెన్ దించి కరెంటు పని చేసే పిల్లగానికి చూపించినా. లోపలి వైరు పొడి పొడి అయ్యింది, మార్చకుండ ప్లగ్గు పెట్టొద్దన్నడు. మీ ఇంట్లో కూడా అట్లాంటిది అటక మీద ఉంటే, చూపించకుండ వాడకండి.

అందుకని మా అమ్మ పద్ధతే పట్టుకున్నా. మందం అడుగున్న పాత పాతీల, అందులో ఒక అంగుళం మందాన దొడ్డుప్పు, దాని మీద చిన్న స్టాండు. కుక్కర్ వాడొద్దు. నీళ్ళు లేకుండ చాలాసేపు వేడిచేస్తే అడుగు చెడిపోతది, రేపు పప్పుకు పనికిరాదు. నాన్‌స్టిక్ గిన్నె కూడా వద్దు. ఈ ఉప్పు మళ్ళ మళ్ళ కాల్చటానికే పనికొస్తది, కూరలో వేయకండి.

మొదటిసారి చేసింది పూర్తిగా చెడింది. దాచకుండ చెప్తా, మీకన్నా పనికొస్తది.

ఒకటి, నెయ్యి కరగబెట్టి పోసినా. ఎండ కూడా బాగున్నది. పిండి ప్లేటు మీదనే పరుచుకొని అన్నీ కలిసి ఒక్క రొట్టె అయ్యింది. నెయ్యి పేరుకున్నదే కావాలి. పిండి జారుగ అనిపిస్తే ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి.

రెండు, కోడలు రెండేండ్ల కింద తెచ్చిన బేకింగ్ పౌడర్ వేసినా. దాంట్ల బలం లేదు. అర చెంచా పౌడర్ మీద వేడి నీళ్ళు పోసి చూడండి. బుస్సుమని పొంగితే మంచిది, లేకుంటే పారేయండి.

మూడు, వేలుతో ఒత్తితే మెత్తగా ఉన్నయి, కాలలేదనుకొని మళ్ళ పెట్టినా. అడుగు నల్లబడ్డది. నానకటాయి వేడి మీద మెత్తగానే ఉంటది, చల్లారితేనే గట్టిపడతది. ఇది నాకు తెలిసిందే, మరిచిపోయినా.

రెండోసారి కుదిరిన కొలత ఇది: మైదా 150 గ్రాములు, శెనగపిండి 50, సన్న రవ్వ 25, పొడి చేసిన చక్కెర 100, నెయ్యి లేక డాల్డా 120, బేకింగ్ పౌడర్ పావు చెంచా, రెండు ఏలక్కాయల పొడి, చిటికెడు ఉప్పు. ఇరవైకి పైగా అవుతయి.

ముందు నెయ్యి, చక్కెర కలిపి తెల్లగ, తేలికగ అయ్యేదాకా అయిదారు నిమిషాలు చేత్తో గిలకొట్టాలి. ఇక్కడ తొందర పడొద్దు. పిండ్లు, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి అందులో వేసి, ముద్ద అయ్యేదాకనే కలపాలి. చపాతి పిండి లెక్క పిసికితే గట్టిబడతయి. నిమ్మకాయ కంటె చిన్న ఉండలు చేసి, కొంచెం ఒత్తి, ఎడం ఎడంగా పెట్టండి. పాతీలను మూతపెట్టి పది నిమిషాలు నడిమంట మీద వేడిచేసి, ప్లేటు లోపల పెట్టి, మంట తగ్గించి ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు ఉంచాలి. ప్లేటు చుట్టూ వేడి తిరిగేటందుకు జాగ ఉండాలి. మొదటి పదిహేను నిమిషాలు మూత తీయొద్దు. పైన పగుళ్ళు, అడుగున లేత గోధుమ రంగు వస్తే దించి, పది నిమిషాలు ప్లేటు మీదనే ఆరనివ్వండి. ఇంట్లో కరెంటు ఓవెన్ ఉంటే 160 డిగ్రీల మీద పదిహేను, ఇరవై నిమిషాలు చాలు.

బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఇంకొక్క మాట. మైదా, నెయ్యి రెండూ వాసన తొందరగ పట్టుకుంటయి. తంబాకు, ఆకు ఉన్న అర్రలో పెట్టకండి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, గోళ్ళ సందులు కూడా రుద్దుకొని పిండి పట్టుకోండి. చీర కొంగు కూడా మార్చుకుంటే మంచిది.

ఇన్నేండ్లు బీడీ చుట్టిన చేతికి ఇంక ఈ పని రాదనుకున్నా. కాని ఉండలు చేస్తుంటే ఒక్కటి పెద్దగ, ఒక్కటి చిన్నగ కాలేదు. కోడలు తక్కెడ మీద పెట్టి చూసి, "అత్తమ్మా, అన్నీ ఒక్కతీరుగున్నయి" అన్నది. రోజుకు వెయ్యి బీడీలు ఒక్క తీరుగా చుట్టిన చెయ్యి గదా!

మా ఆయన ఒకటి నమిలి, "భట్టీ దానికంటె జర గట్టిగున్నది" అన్నడు. అట్ల అనుకుంటనే నాలుగు తిన్నడు. కోడలు కొలతలన్నీ క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నది. ఈ దీపావళికి పాతీల పొయ్యి మీద పెట్టేది తనే. నేను పక్కన పీట మీద కూర్చొని ఉండలు చేస్తా.