తడియిసుక మీది త్రిభుజము

కొత్తపట్నమునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమంతయు మా బల్లమీదనే యున్నది. ఆమె కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ తరగతిలోనే పుట్టుకతో చూపులేని బాలిక యొకతె చేరినది. మొదట ఒకే బల్లపై కూర్చుండిరి. పిమ్మట కలిసి భుజింపసాగిరి. ఇప్పుడు మన పిల్ల ప్రతి సాయంకాలమును ఆ పిల్లకు పాఠములు చదివి వినిపించుచున్నది. "పరీక్షలు దగ్గరపడుచున్నవి. మా అమ్మాయి తన చదువు మాని పరుల చదువు మోయుచున్నది. ఉదయముననే ఆ పిల్ల యెదురగుట మంచి శకునము కాదని మా అత్తగారనుచున్నారు. నేనేమి చేయవలెను?" అని ఆమె ప్రశ్న.

శకునముమాట ముందుగా తేల్చివేయుదము. ఆ బాలికయు ఉదయముననే బయలుదేరి బడికి పోవుచున్నది గదా! ఆమెకు ఎదురగు మనమెట్టి శకునమో యని యెవరైనను విచారించిరా? పెద్దవారితో వాదము వలదు. ఐనను ఆ మాట ఆ పిల్ల చెవిని పడకుండ చూచుట మన పని.

చదువుమాట అంత తేలికగా త్రోసివేయరానిది. తల్లికి ఆ దిగులు సహజము. కాని సోదరి జాబు చివర, అదేమంత విశేషము కాదన్నట్లు, ఒక సంగతి వ్రాసినారు. ఒక ఆదివారము ఇంటివారితో కలిసి బాలికలిరువురును సముద్రపుటొడ్డునకు పోయిరట. అల వెనుకకు పోయిన తడియిసుకపై ఈమె కుమార్తె వ్రేలితో లోతుగా త్రిభుజము గీసి, చెలికత్తె వ్రేలిని ఆ చాలువెంట నడిపించినదట. రెండు కోణములెంతో చెప్పగా, మూడవది ఆ బాలికయే లెక్కకట్టి చెప్పినదట. "అంతవరకు నాకది కంఠపాఠమే, ఆమెకు చెప్పునప్పుడే నాకును తెలిసినది" అని అమ్మాయి ఇంటికి వచ్చి తల్లితో ననినదట. అమ్మా, మీ ప్రశ్నకు సగము సమాధానము మీ పిల్లయే చెప్పినది.

ఆ త్రిభుజము చిన్న సంగతి యనుకొనరాదు. మచిలీపట్నము చేరువనున్న సీతారామపురమున పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారికి పుట్టుకతో చూపులేదు. 2007లో ఆయన పదవ తరగతి దాటి గణితమును, విజ్ఞానశాస్త్రమును చదువగోరగా, వానిలో పటములును రేఖాచిత్రములును ఉండునుగాన అంధులకవి తగవని రాష్ట్ర నిబంధన అడ్డుపడినది. ఉపాధ్యాయిని స్వర్ణలతగారు శిష్యుని ఓదార్చి ఊరకుండలేదు. అతనితో కలిసి అధికారులకడకు పోయిరి. అచ్చట పని కాకపోగా ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము వేయుటకు తోడునిలిచిరి. ఆరు మాసములకు తీర్పు వచ్చినది: అంధులును ఆ శాస్త్రములు చదువవచ్చును. ఆయన నూటికి 98 గుణములతో ఉత్తీర్ణులై, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించిరి. ఆ పరిశ్రమ నడుపుటలోను స్వర్ణలతగారు తోడైరి. గురుశిష్యుల బంధమును స్నేహమనవచ్చునా యని యొకరడుగవచ్చును. ఇన్నేండ్లు విడువని తోడునకు మాకు వేరొక పేరు తోచుటలేదు.

ఇసుక చెరిగిపోవును; కావున ఇంట నుంచుకొనదగిన సాధనములును చెప్పుదుము. లూయీ బ్రెయిల్ అను ఫ్రెంచి బాలుడు 1824లో, తన పదునైదవయేట, ఆరు చుక్కల లిపిని కల్పించెను. 1951లో భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిల్ ఏర్పడినది. తెలుగును అందు వ్రాయవచ్చును. గీసిన గీత వ్రేలికి తగులునట్లు ఉబ్బెడి పలుచని ప్లాస్టిక్ రేకులును గలవు. బడి పంతులుగారిని అడుగుడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అట్టి పిల్లలకు ఆరవయేటినుండి పదునెనిమిదవయేటివరకు ఇంటికి చేరువ బడిలోనే ఉచితముగా చదువు హక్కు నిచ్చినది. కావున ఆ బాలిక మీ పిల్ల ప్రక్కన కూర్చుండుట ఎవరి దయయు కాదు.

చదివి వినిపించుట గంటకు మించనీయకుడు. పిదప విన్న పాఠమును ఆ బాలిక తిరిగి చెప్పవలెను, మీ పిల్ల వినవలెను. అప్పుడు ఇరువురి చదువును సాగును.

నడకనుగూర్చి యొక మాట. పూర్వమొక పెండ్లిలో మేము చూపులేని యొక ముత్తైదువను మణికట్టు పట్టి భోజనపు బంతికి లాగుకొనిపోయితిమి. ఉపకారము చేయుచున్నామనియే మా తలంపు. "లాగకండమ్మా, నేను మూటను కాను" అని ఆమె నవ్వుచు ననినది. చుట్టునున్నవారును నవ్విరి. మాకు మాత్రము ఆ పూట అన్నము సహింపలేదు. పిదప ఆమెయే నేర్పినది: తోడు వలయునా యని ముందడుగవలెను, మన మోచేయి అందీయవలెను, ఆమె దానిని పట్టుకొని అరయడుగు వెనుకగా నడచును, మెట్టు వచ్చినచో నోటితో చెప్పవలెను. ఇంతే.

సోదరీ, మీ జాబున ఒక సంగతి మాకు కానరాలేదు. ఆ బాలిక తల్లిని ఎన్నడైనను బొట్టుపెట్టి మీ యింటి పేరంటమునకు పిలిచితిరా? ఈ యట్లతద్దెకు తల్లిని, బిడ్డను కూడ పిలువుడు. ఆ పిల్లను మీ పిల్లతోపాటు ఉయ్యాల యెక్కింపుడు. మీ అత్తగారేమనిరో మరల వ్రాయుడు.