కుక్కపిల్ల కాగితాలు

ఆరు నెలలు నిండని కుక్కకు 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో ప్రవేశం లేదు. మా నూజివీడు మామిడితోటలో పుట్టిన పిల్ల కోసం అక్కడి మనవరాలు బెంగపెట్టుకోబట్టి నాకీ సంగతి తెలిసింది.

మన దేశం రేబిస్ భయం ఎక్కువున్న జాబితాలో ఉంది. కనుక ముందు చర్మం కింద మైక్రోచిప్, ఆ తరువాతే టీకా. వరుస తప్పితే ఆ టీకా లెక్కకు రాదు! నెల ఆగి నెత్తురు తీయించి, వారొప్పుకొన్న లేబొరేటరీకి పంపాలి. ఆ పరీక్ష లేకపోతే అక్కడ దిగాక 28 రోజుల నిర్బంధం, ఖర్చు మనదే. పైన ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం సరేసరి.

మన మామిడిపండునే 2007లో కిరణాలశుద్ధి షరతు మీద రానిచ్చారు, కుక్కనెలా వదులుతారు లెండి!

పిల్లకిప్పుడు నాలుగోనెల. చిప్, టీకా అయ్యాయి. తోటమాలి మాత్రం, "ఆర్నెల్లొస్తే కాపలాకుక్కేనండీ, పిల్లెక్కడుంటది?" అంటున్నాడు.