గురి కుదిరేది ఎక్కడ?



జొన్నచేను కంకి వేసే రోజుల్లో మంచె మీద నిలబడి ఒడిసెల త్రిప్పిన పెద్దలు మన గ్రామాల్లో ఇంకా ఉన్నారు. న్యాయాధిపతుల గ్రంథములో గురి తప్పని ఏడువందల మంది ఎడమచేతి వాటము గల బెన్యామీనీయులను గూర్చి చదివినప్పుడు వారికి అది వింతగా తోచదు. ఈ దినములలో ఆ నేర్పు రైఫిల్ షూటింగు పోటీల్లో కనిపిస్తుంది. సంగారెడ్డి వైపు తుపాకి మాట వినగానే యుద్ధ వాహనాలు తయారయ్యే ఎద్దుమైలారం కర్మాగారము గుర్తుకు వస్తుంది. మనము చెప్పుకొనేది మాత్రము పోటీల తుపాకి సంగతి.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 600కు 595 పాయింట్లు సాధించాడు. ఫైనలులో ఎనిమిది మందికే చోటు. సమాన పాయింట్లు వచ్చిన వారిని విడదీసే లెక్కలో ఆయన తొమ్మిదోవాడయ్యాడు. నాలుగేండ్లు మళ్ళీ సాధన చేసి, 2012 లండన్‌లో 701.1 పాయింట్లతో కాంస్య పతకము తెచ్చాడు. రజతము గెలిచిన వానికీ ఆయనకూ తేడా 0.4 మాత్రమే.

ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పటాన్‌చెరులో లేతు మీద పనిచేసే మన సోదరులకు అర మిల్లీమీటరు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మరి అంత చిన్న చుక్కకు గురి ఎలా కుదురుతుంది?

చుక్కనే కన్నార్పకుండా చూడాలని మనము అనుకుంటాము. శిక్షకులు అలా చెప్పరు. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టముగా చూడలేదు. అందుచేత తుపాకి కొననున్న వలయమును స్పష్టముగా చూడాలి; దూరపు నల్లని గుండ్రము కొంచెము మసకగా కనబడినా ఫరవాలేదు. ఆ గుండ్రము వలయము మధ్యలో సమానముగా కూర్చోవాలి.

రెండవది నిలబడే తీరు. గురి పట్టి, కళ్ళు మూసుకొని, ఒకటి రెండు శ్వాసలు తీసి, కళ్ళు తెరవాలి. తుపాకి పక్కకు జరిగి ఉంటే చేతులతో బలవంతముగా లాగకూడదు, పాదాలనే సర్దుకోవాలి. లాగి పట్టిన తుపాకి మీట నొక్కే క్షణములో మళ్ళీ తన చోటికే పోతుంది.

మూడవది శ్వాస. ఊపిరి కొంత వదిలి, సహజముగా ఆగే ఆ కొద్ది క్షణాల్లో మీటను మెల్లగా నొక్కాలి. ఆ క్షణాలు దాటిపోతే తుపాకి దించి మొదటి నుండి ఆరంభించాలి. దించడానికి సిగ్గుపడేవాడే ఎక్కువగా గురి తప్పుతాడు.

దూరము పెరిగే కొద్దీ చిన్న తప్పు పెద్దదవుతుంది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగము తేడా 100 గజాల వద్ద సుమారు ఒక అంగుళము. 1000 గజాల వద్ద పది అంగుళాలు. అంత దూరములో గుండు క్రిందికి దిగుతుంది, గాలికి పక్కకు పోతుంది. మిట్టమధ్యాహ్నము బొంబాయి రోడ్డు మీద మనకు కనబడే ఎండమావులను, అనుభవజ్ఞులైన షూటర్లు దుర్భిణిలో చూచి, అవి ఎటు కదులుతున్నవో దానిని బట్టి గాలిని అంచనా వేస్తారు.

వినికిడి లోపముతో పుట్టిన హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ గగన్ నారంగ్ అకాడమీలోనే నేర్చుకున్నాడు. బధిరుల ఒలింపిక్స్‌లో 2022లోను, 2025లోను బంగారు పతకాలు గెలిచాడు. అటువంటి బిడ్డను ఇంటి మూలన కూర్చోబెట్టిన తలిదండ్రులు ఈ మాట గమనించాలి.

మన పిల్లలను ర్యాంకు చూడు, ఉద్యోగము చూడు అని నిత్యము తొందరపెడుతున్నాము. చూపంతా దూరపు చుక్క మీదనే ఉంటే చేతిలోని పని మసకబారుతుంది. ఒకసారి తప్పిన బిడ్డను నిందించక, తుపాకి దించి మళ్ళీ ఎత్తే వ్యవధి ఇద్దాము. ముందు వారి పాదాలు ఎక్కడ నిలిచి ఉన్నవో చూద్దాము.